డాబా మీద దావత్: ఇంట్ల చేసుకునే అలంకరణ, ఎండకాలం కాక్‌టెయిల్స్ – సలహా చెప్పుండ్రి

పాలమూరు_పోరగాడు
అన్నలకు, అక్కలకు నమస్తె. మే నెల రెండో శనివారం రాత్రి మా ఇంటి డాబా మీద డిగ్రీ దోస్తులకు దావత్ ఇస్తున్న. ఊరు మహబూబ్‌నగరే. మొత్తం 18 మందిమి, అందరం ముప్పై దాటినోళ్లమే. దాంట్ల మందు ముట్టేటోళ్లు పదిమంది. మిగిలినోళ్లల్ల ఒక చెల్లెకు ఏడో నెల, ఇద్దరు కార్లు నడుపుకుంట కల్వకుర్తి దాక పోవాలె, కొందరికి అలవాటే లేదు.

మా దావత్‌లు ఎప్పుడు చూసినా ఒక్కటే తీరు. తాగేటోళ్లకు బీర్లు, తాగనోళ్లకు కూల్‌డ్రింక్ బుడ్డి, మధ్యల పల్లీలు. ఈసారి కాక్‌టెయిల్స్ చేద్దామని ఉన్నది. డెకరేషన్‌కు ఒకాయనను అడిగితె బెలూన్ల ఆర్చి ఒక్కదానికే చెప్పిన రేటు విని ఫోన్ పెట్టేసిన. ఇంట్ల ఉన్నవాటితోని ఏం చెయ్యొచ్చు? పైసలు ఎక్కువ పెట్టను, కానీ ఫొటోల మంచిగ కనపడాలె (ఇది మా ఆవిడ షరతు).

దేవరకొండ_బావ
ఏంది తమ్మి గింత ఆలోచన! పెద్ద బకెట్ తీసుకో, దాంట్ల ఫుల్ బాటిల్ పొయ్యి, రెండు బుడ్లు స్ప్రైట్ పొయ్యి, నాలుగు నిమ్మకాయలు పిండు, ఐస్ గడ్డ ఎయ్యి. చెంబుతోని ముంచి పొయ్యి. అయిపాయె. దానికి ఏ పేరు పెట్టుకున్నా పెట్టుకో.

మిర్యాలగూడ_షేకర్
బావా, ఆ బకెట్ కాన్నే కథ ఖరాబయేది. నేను హైదరాబాద్‌ల బార్ కౌంటర్ వెనుక పని చేస్తున్న, ఊరు మిర్యాలగూడ. ఇంటి దావత్‌ల మందు ముందే కలిపి పెడితె మూడు తిప్పలు. ఎవడు ఎంత తాగిండో లెక్క ఉండదు. ఐస్ కరిగి అర్ధగంటల అది నీళ్ల మందు అయితది. అన్నింటికన్న పెద్దది, తాగనోళ్లు ఆ బకెట్ దగ్గరికే రాలేరు. మళ్ల వాళ్లకు కూల్‌డ్రింకే గతి.

తమ్మీ, నా మాట విను. మందు లేకుండ జగ్గు తయారు చెయ్యి. అదే అసలు డ్రింక్ అనుకో, ఊరికే తాగినా బాగుండేటట్టు చెయ్యి. మందు సీసా పక్కకు పెట్టు, 30 ఎం.ఎల్. కొలత గ్లాసు ఒకటి పెట్టు. కావల్సినోడు కొలిచి పోసుకుంటడు, వద్దన్నోడు సోడ పోసుకుంటడు. గ్లాసు ఒక్కటే, రంగు ఒక్కటే, పుదీనా ఒక్కటే. “ఏందిరా తాగుతలేవు” అని అడిగేటోడే ఉండడు.

ఎంత కొనాలె అంటవా: పదిమందికి మూడేసి పెగ్గులు, పెగ్గు 30 ఎం.ఎల్. అనుకుంటె 900 అయితది. ఒక ఫుల్లు (750), ఒక క్వార్టర్ (180) తెస్తె 930. గంతకు మించి తేకు. ఉంటె తాగుతరు.

దేవరకొండ_బావ
మూడు పెగ్గులు ఏం సరిపోతయి? బీర్లయితె మూడు ఉత్తగనే దిగుతయి.

మిర్యాలగూడ_షేకర్
బీరు తేలిక అనుకునేదే తప్పు లెక్క బావా. స్ట్రాంగ్ బీరు 650 ఎం.ఎల్. సీసా, 7 శాతం అనుకో. అంటె 45 ఎం.ఎల్. పైన ఆల్కహాల్. మన దగ్గర రమ్ము, వోడ్కా 42.8 శాతం ఉంటది, 30 ఎం.ఎల్. పెగ్గుల 13 ఎం.ఎల్. కన్న తక్కువనే. అంటె ఒక్క స్ట్రాంగ్ బీరు మూడున్నర పెగ్గులకు సమానం. మూడు బీర్లంటె పది పెగ్గులు దాటినట్టే. ఇగ నువ్వే చూస్కో.

గద్వాల_జరి
మీరు మందు కాడ్నే ఆగిపోయిండ్రు, ఆయన అలంకరణ కూడ అడిగిండు!

తమ్ముడు, బీరువాల మీ అమ్మ పాత నారాయణపేట చీరలు ఉంటయి కదా, గళ్ల చీర, పెద్ద అంచు ఉన్నయి. డాబా మీద పిట్టగోడ వెంబడి రెండు కర్రలు నిలబెట్టి తాడు కట్టు, ఆ తాడు మీద చీరలను నిలువు మడతలు పెట్టి వేలాడదియ్యి, బట్టల క్లిప్పులు పెట్టు. పిన్నులు గుచ్చకు, గాలికి లాగితె చిరుగుతది. మెరూన్ పక్కన ఆకుపచ్చ, దాని పక్కన పసుపు. ఫొటోలకు ఇంతకన్న మంచి బ్యాక్‌గ్రౌండ్ ఏ డెకరేషన్ వాడూ చెయ్యలేడు. తెల్లారి ఉతికి మళ్ల బీరువాల పెట్టేస్తవు.

నేను బ్లౌజులు కుడత. మా దగ్గర తుంట ముక్కలు సంచులు సంచులు పడి ఉంటయి. మీ వీధి టైలర్‌ను అడిగితె ఊరికే ఇస్తడు. వాటిని జానెడు పొడుగు త్రికోణం ముక్కలుగ కోసి, పై అంచు సుతిలి తాడు మీదకు మడిచి ఒక కుట్టు వేస్తె జెండాల తోరణం అయిపోతది. మిషన్ లేకుంటె స్టేప్లర్ కొట్టు.

పోచంపల్లి_మగ్గం
ఒక్క మాట అక్క. ముక్కలు కొయ్యేటప్పుడు అసలు ఇక్కత్ చీరను మాత్రం కత్తెర పెట్టకుండ్రి. అసలుదో ప్రింటుదో తెల్వాలంటె తిప్పి చూడుండ్రి. నూలుకే ముందు రంగు అద్ది నేస్తరు కాబట్టి అసలు ఇక్కత్ రెండు దిక్కుల ఒకే తీరు కనపడతది, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటయి. ప్రింటుది వెనుక వెలిసినట్టు ఉంటది. ప్రింటుదైతె ఎంతైనా కోసుకోండ్రి, మాకు సంతోషమే.

గద్వాల_జరి
హహ్హ, కోపం తెలుస్తున్నది తమ్ముడూ. నేనూ ఆ మాటనే అంట. చీరలు కట్టుడు వరకే, కోసుడు తుంట ముక్కలే.

వనపర్తి_టీచర్
ఆలస్యంగా చూశాను. బడిలో పిల్లలతో చేయించేవి కొన్ని చెప్తాను.

మేలో తాటిముంజల కాలం కదా, ముంజలు కొట్టే వాళ్లను అడిగి నాలుగు లేత తాటాకులు తెప్పించుకోండి. ఆకు ఈనె తీసేసి, రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా చీల్చండి. రెండు పట్టీలను ఒకదానిలోంచి ఒకటి దూర్చి బిగిస్తే నాలుగు రెక్కల గిరక వస్తుంది. నడిమధ్య తుమ్మ ముల్లు గుచ్చి, ముల్లు కొసను చొప్ప బెండులోకి దించితే గాలికి తిరుగుతుంది. పిట్టగోడ పొడుగునా ఇవి పెడితే పిల్లలున్న ఇంట్లో ఇక వేరే ఆట అక్కర్లేదు. ముందురోజు సాయంత్రమే చేసుకుని తడి గోనెసంచిలో చుట్టి పెట్టండి. పొడి గాలికి వదిలేస్తే తెల్లారేసరికి ఆకు ముడుచుకుపోతుంది.

బాటిల్ దీపాలు కూడా తేలిక. ఖాళీ గాజు సీసాలను తినే సోడా వేసిన వేడినీళ్లలో నానబెడితే లేబుల్ ఊడుతుంది. మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె, ఉప్పు కలిపి రుద్దండి. లోపల బ్యాటరీ సీరియల్ బల్బులు వేసి మూత దగ్గర ముడి వేయండి. మైనపు వత్తులు మాత్రం చీరల తెర దగ్గర వద్దు.

థర్మకోల్ అక్షరాలు కొనకండి. అలంకరణకు వాడే థర్మకోల్, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. దుకాణాల్లో ఇంకా అమ్ముతూనే ఉన్నారు, అది వేరే సంగతి. పళ్లేల బదులు మోదుగాకు విస్తర్లు తెచ్చుకోండి, చూడటానికీ బాగుంటాయి.

పాలమూరు_పోరగాడు
టీచరమ్మా, గిరకల సంగతి చదివి మా నాయిన నేను చేస్త అని లేచిండు. ఆయనకు అది చిన్నప్పటి పని. తంగేడు, గునుగు పూలు కూడ పెడదామనుకున్న, దొరుకుతయా?

అచ్చంపేట_అక్క
మేల ఎక్కడియి తమ్మీ! అవి బతుకమ్మ నాటి పూలు. ఇప్పుడు మల్లెపూల కాలం. పొద్దున మొగ్గలు మూరలకొద్ది కొని, తడి గుడ్డల చుట్టి చల్లటి చోట పెట్టు. పొద్దుగూకినంక దండలు కట్టి తాళ్లకు వేలాడదీస్తె ఏడు, ఎనిమిది గంటలకు విచ్చుకుంటయి. మీ వీధిల తురాయి చెట్టు ఉంటె ఎర్రపూల కొమ్మలు నాలుగు రంజన్‌ల నిలబెట్టు. మామిడాకుల తోరణం ఎట్లాగు కడతవు.

సాగర్_గట్టు
నేను కరెంటు పని చేసేటోణ్ని, పాతిక ఏండ్ల సంది పందిర్లకు లైట్లు కడుతున్న. మే నెలల సాయంత్రం గాలిదుమారం ఎప్పుడు లేస్తదో చెప్పలేం. డాబా మీద ఏది కట్టినా రెండు మాటలు గుర్తు పెట్టుకో. చీరల తెరకు కింద అంచుల చిన్న గులకరాళ్లు మూటకట్టి వేలాడదియ్యి, ఎగరదు. సీరియల్ బల్బుల జాయింట్లు ఒక్కటి కూడ నేల మీద ఉండొద్దు, అన్ని నెత్తి ఎత్తుకు పైన, టేప్ చుట్టి ఉండాలె. ఎక్స్‌టెన్షన్ బోర్డు మెట్ల గది లోపలే పెట్టు. ఉరుము వినపడ్డదంటె ముందు మెయిన్ తీసెయ్యి, పాటలు తర్వాత.

బెలూన్లు పెట్టేదుంటె ఎండ దిగినంక ఊదుండ్రి, ముప్పావు వరకే. డాబా సెగకు నిండ ఊదినయి టపటప పేలుతయి. గాలిల తేలే గ్యాస్ బెలూన్లు అస్సలు వద్దు. హీలియం అని చెప్పి హైడ్రోజన్ నింపేటోళ్లు ఉన్నరు, నిప్పురవ్వ తగిలితె మంట లేస్తది. కేకు కోసేటప్పుడు కొట్టే నురుగు స్ప్రే కూడ అంతే, దాంట్ల ఉండేది మండే గ్యాసే. వత్తి వెలుగుతుంటె మొఖం మీద కొడతరు చూడు, అప్పుడు నా గుండె ఆగుతది.

నకిరేకల్_నిమ్మ
ఇగ జగ్గు సంగతి నేను చెప్త. మాది నిమ్మతోట, మా మేనమామది బత్తాయి తోట. నల్లగొండ జిల్లాల ఉండుకుంట సీసాల జ్యూస్ కొంటె ఊరోళ్లు నవ్వుతరు.

పదిహేను బత్తాయిలు పిండితె దగ్గర దగ్గర లీటరు రసం వస్తది, కాయను బట్టి. మన బత్తాయిల తీపి ఎక్కువ, పులుపు తక్కువ. అందుకె ఒక్కటే రసంతోని కాక్‌టెయిల్ చేస్తె చప్పగ ఉంటది. దాంట్ల 150 ఎం.ఎల్. నిమ్మరసం, 200 ఎం.ఎల్. చక్కెర పాకం, చిటికెడు ఉప్పు కలుపుండ్రి. పాకం అంటె తీగ పాకం కాదు. చక్కెర ఒక గ్లాసు, నీళ్లు ఒక గ్లాసు, కరిగేదాక వేడి చేసి దించుడే. చల్లటి రసంల చక్కెర పోస్తె కరగదు, గ్లాసు అడుగున కూసుంటది.

ముఖ్యం ఏందంటె బత్తాయి రసం పొద్దున్నే తీసి పెట్టకుండ్రి. కొన్ని గంటలు నిలువ ఉంటె చేదెక్కుతది, గింజ నలిగితె ఇంకా జల్ది. దావత్ షురూ అయ్యే గంట ముందు తీస్తె చాలు. గింజలు నలగకుండ, తొక్క లోపలి తెల్లటి పొర రాకుండ చూస్కోండ్రి.

గ్లాసుకు ఈ రసం 90 ఎం.ఎల్., సోడ 90, ఐస్ నిండ. పైన పుదీనా. ఈ జగ్గుకు పదిహేను గ్లాసులు దాక వస్తయి.

మిర్యాలగూడ_షేకర్
గీ జగ్గు లెక్క సూపర్. దీంట్ల వైట్ రమ్ము 30 పోస్తె మోహితోకు సుట్టం అయితది. అసలు మోహితో క్యూబా దేశపుది. వైట్ రమ్ము, నిమ్మరసం, చక్కెర, పుదీనా, సోడ, అంతే. దాంట్ల బత్తాయి ఉండదు, మన నల్లగొండోళ్లు వేసుకుంటె ఎవడు అడ్డం రాడు. వోడ్కా అయినా సరే. విస్కీ మాత్రం దీంట్ల వద్దు, దాని వాసన రసాన్ని తొక్కేస్తది.

పుదీనాను రోట్లేసి దంచినట్టు దంచకుండ్రి, చేదు దిగి ఆకు నల్లబడతది. అరచేతిల పెట్టి ఒక్క చప్పట కొట్టి గ్లాసుల ఎయ్యుండ్రి, వాసన వచ్చేస్తది. సోడ ఆఖరుకు పొయ్యాలె, పోసినంక గిరగిర తిప్పొద్దు, గ్యాసు పోతది.

ఐస్ ఎక్కువ తీసుకోండ్రి. మే నెలల మనిషికి ముప్పావు కిలో చొప్పున 18 మందికి పద్నాలుగు కిలోలు పట్టుకో. ఐస్ తక్కువేస్తె జల్ది కరుగుతది, డ్రింక్ పల్చబడతది. గ్లాసు నిండ ఉంటె నిదానంగ కరుగుతది. సీసాలు చల్లబెట్టే టబ్బుల ఫ్యాక్టరీ గడ్డ వేసుకోండ్రి, గ్లాసులకు మాత్రం తాగేనీళ్లతోని చేసిన క్యూబ్సే.

అచ్చంపేట_అక్క
నాకు పచ్చిపులుసు తీరు ఒకటి తెలుసు. మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చి చేసి పెట్టిండు, అప్పటి సంది అందరు అదే అడుగుతరు.

నిమ్మకాయంత కొత్త చింతపండు లీటరు నీళ్లల్ల నానబెట్టి పిసికి వడగట్టాలె. వంద గ్రాముల బెల్లం, వేయించి దంచిన జీలకర్ర ఒక చెంచా, నల్లుప్పు, ఉప్పు. రెండు పచ్చిమిర్చి చీరి పది నిమిషాలు వేసి తీసెయ్యాలె, ఉంచితె ఘాటెక్కుతది. ఉల్లిగడ్డ వద్దు! గ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది, ఉప్పుకారం కలిపిన పళ్లెంల బోర్లించి తియ్యి. రసం 120, ఐస్, కావల్సినోళ్లకు వోడ్కా 30. ఒక కొత్తిమీర రెమ్మ. సర్వపిండి ముక్క పక్కన పెట్టుకుంటె ఇగ లేవరు.

దేవరకొండ_బావ
పచ్చిపులుసుల మందా! మా అమ్మకు తెలిస్తె చీపురు తీస్తది. కానీ నోరు ఊరుతున్నది.

సరే నాది ఒకటి రాసుకోండ్రి: ఈత కల్లు తెచ్చి దాంట్ల జిన్ను కలుపుతె ఎట్లుంటది? మన మట్టి వాసన కాక్‌టెయిల్.

అచ్చంపేట_అక్క
అస్సలు వద్దు బావా. నేను నర్సును, ఇది నవ్వులాట కాదు. చెట్టు కల్లు నీ కండ్ల ముందర గీసి దించినదైతె వేరే సంగతి. దుకాణం కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అసొంటి మత్తు మందులు కలిపి అమ్మిన కేసులు మన పాలమూరు దిక్కు ఎన్నో ఏండ్ల సంది పట్టుకుంటనే ఉన్నరు. వాటి మీదికెల్లి జిన్ను కలిస్తె రెండూ కలిసి ఊపిరిని మందగిస్తయి. మనిషి నిద్రపోయిండు అనుకుంటరు, లేపితె లేవడు. అట్లెవరన్న పడిపోతె పక్కకు తిప్పి పండబెట్టి 108కు ఫోన్ చెయ్యాలె, మజ్జిగ తాపుడు, నిమ్మకాయ పిండుడు కాదు.

కల్లు తాగాలనుకుంటె ఆ పూట ఒక్క కల్లే. కలుపుడు వద్దు.

దేవరకొండ_బావ
సరే అక్క, ఆ లైను కొట్టేసిన. నీరా అయితె?

నకిరేకల్_నిమ్మ
నీరా మంచిదే కానీ చల్లగ ఉండాలె, ఎండ తగిలితె గంటల్లనే పులిసి కల్లు అయితది. డాబా మీద దావత్‌కు పట్టుకొచ్చేది కష్టం. దానికన్న ముంజలు పట్టుకురా. పైపొర ఒలిచి, వగరు పోయేటట్టు చూసి, చిన్న ముక్కలు కోసి గ్లాసుకు మూడు చెంచాలు. నిమ్మరసం, పాకం, సోడ, నానబెట్టిన సబ్జా గింజలు. మందు ఉన్నా లేకున్నా ఇది గెలుస్తది. ముంజల నీళ్లు పారబొయ్యకు, అవి గ్లాసులనే పొయ్యి.

మోడరేటర్
చర్చ బాగుంది, చిన్న మాటలు నాలుగు. మన రాష్ట్రంలో మద్యం వయసు 21. ఇంట్లో దోస్తుల మధ్య కాకుండా ఫంక్షన్ హాల్‌లో పోసేటట్టయితే ఎక్సైజ్ వాళ్ల దగ్గర ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ నడవదు. బండి సంగతి అందరికీ తెలిసిందే: 100 ఎం.ఎల్. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. ఒకటి, రెండు పెగ్గులకే దాటవచ్చు, కాబట్టి లెక్కలు వేసుకుంటూ బండి తీయకండి.

పాలమూరు_పోరగాడు
దావత్ అయిపోయింది. ముచ్చట్లు చెప్త.

చీరల తెర మా అమ్మ దగ్గరుండి కట్టించింది, ఏ చీర ఎప్పటిదో అందరికి చెప్పుకుంట. ఫొటోలన్ని దాని ముందర్నే. గిరకలు మా నాయిన ఇరవై పైన చేసిండు. ఎనిమిదింటికి గాలి లేచినప్పుడు అన్ని ఒక్కసారి తిరిగినయి. సాగర్ అన్న చెప్పిన గులకరాళ్లు లేకుంటె తెర పక్కింట్ల పడుతుండె. చినుకులు పది నిమిషాలు పడ్డయి, మెయిన్ తీసేసి మెట్ల గదిల నిలబడ్డం.

బత్తాయి జగ్గు మూడుసార్లు కలపవలసి వచ్చింది. మందు మాత్రం క్వార్టర్ మూత కూడ తియ్యలే. షేకర్ అన్న చెప్పినట్టే ఎవడు ఏం తాగుతుండో ఎవడికీ పట్టలే. ఏడో నెల చెల్లె ముంజలది నాలుగు గ్లాసులు తాగింది. కల్వకుర్తి పోయేటోళ్లు పదకొండింటికి మంచిగ పోయిండ్రు.

పచ్చిపులుసుది సగం మందికి పిచ్చిగ నచ్చింది, సగం మంది ఒక్క గుక్క తాగి పక్కకు పెట్టిండ్రు. మధ్యల ఉన్నోడే లేడు.

వనపర్తి_టీచర్
తాటాకు గిరకల ఫొటో పెట్టండి, మా పిల్లలకు చూపిస్తాను.

దేవరకొండ_బావ
మాకు జూన్ల పెండ్లిరోజు ఉన్నది. నలభై మంది. ఆ బత్తాయి జగ్గు లెక్క నలభై మందికి ఎట్ల వెయ్యాలె నిమ్మన్నా? బకెట్ అయితె కొనుక్కున్న. మందు దాంట్ల పొయ్య, ఒట్టు.

నకిరేకల్_నిమ్మ
మనిషికి మూడు గ్లాసులు అనుకో బావా, 120 గ్లాసులు. ఎనిమిది జగ్గులు అన్నట్టు. బత్తాయి 120 కాయలు, నిమ్మరసం లీటరు మీద 200 ఎం.ఎల్., పాకం లీటరున్నర దాటి. సోడ పదకొండు లీటర్లు. ఒక్కసారే కలుపకు, రెండు రెండు జగ్గులు చొప్పున కలుపు. కాయలు మా మామ తోట నుంచి పంపిస్త, పిండేటోళ్లను మాత్రం నువ్వే చూస్కో.